స్కోరు పక్కన ఖాళీ గడి

1928లో కలకత్తాలో ఐదు జట్లు హాకీ కర్రలు పట్టుకుని బరిలోకి దిగాయి. యునైటెడ్ ప్రావిన్సెస్, రాజ్‌పుతానా, పంజాబ్, బెంగాల్, సెంట్రల్ ప్రావిన్సెస్. దేశంలో ప్రాంతాల మధ్య జరిగిన తొలి హాకీ పోటీ అదే. ‘ఇంటర్ ప్రావిన్షియల్ టోర్నమెంట్’ అని పేరు పెట్టారు. ఫైనల్లో యునైటెడ్ ప్రావిన్సెస్ 3-1 తేడాతో రాజ్‌పుతానాను ఓడించింది. గెలిచిన జట్టులో ధ్యాన్‌చంద్ అనే సైనికుడున్నాడు. ఆ ఆట చూసే ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు జట్టును ఎంచారు. ఆ జట్టు ఐదు మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణ పతకంతో తిరిగొచ్చింది.

ఈ కథ చెప్పుకునేటప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ జట్టు ఊసు ఎవరూ ఎత్తరు. ఓడినవారి సంగతి ఎక్కడైనా అంతే. ఇవాళ్టి భిలాయి-3 అప్పట్లో ఆ ప్రావిన్సులోదే. 1906లో ఏర్పడిన దుర్గ్ జిల్లాలో రైలు పట్టాల పక్కనున్న పొలాల ప్రాంతం. ఉక్కు కర్మాగారం రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లుంది. ఆ తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్ ఎటు పోయిందో వెతికితే నాగపూర్ మహారాష్ట్రలో తేలుతుంది, జబల్‌పూర్ మధ్యప్రదేశ్‌లో, రాయపూర్, బిలాస్‌పూర్, దుర్గ్ ఛత్తీస్‌గఢ్‌లో. ఆనాటి జట్టును ఇప్పుడు మళ్లీ కూర్చాలంటే మూడు రాష్ట్రాల హాకీ సంఘాలు ఒప్పుకోవాలి. మూడు సంఘాలు ఒక మాట మీద నిలబడిన సందర్భాలు మన క్రీడారంగంలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలియనిది కాదు.

భిలాయి-3 పక్కనే చరోదా. అక్కడి రైల్వే కాలనీని ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ‘బీఎంవై’ అంటారు. భిలాయి మార్షలింగ్ యార్డ్. గూడ్సు బండ్లను విడదీసి, మళ్లీ కూర్చి పంపే చోటు. ఆ కాలనీలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక భిలాయి-3లోనే చిన్న ఇల్లు కట్టుకున్న తెలుగు గార్డు ఒకాయన దగ్గర ఓ లావుపాటి నోటు పుస్తకం ఉంది. నిజానికి అలాంటివి నాలుగు. అట్టలు ఊడిపోతే పాత వర్కింగ్ టైంటేబుల్ అట్టలు కుట్టారు. వాటి నిండా స్కోర్లు. హాకీ ఎక్కువ, మధ్య మధ్య ఫుట్‌బాల్, క్రికెట్.

గార్డు ఉద్యోగంలో రాత తప్పదు. బండి ఏ స్టేషన్‌లో ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది, సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు పోయాయి, అన్నీ జర్నల్‌లో ఎక్కించాలి. ఆ పదవికి 2022 నుంచి ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చారు గానీ రాత మారలేదు. ఆయనకు ఆ అలవాటు డ్యూటీ దిగాక కూడా వదల్లేదు. తేదీ, ఊరు, ఎవరికీ ఎవరికీ మ్యాచ్, స్కోరు, చివర ఓ చిన్న గడి. దాని పైన ‘మన’ అని రాసి ఉంటుంది. ఆ మ్యాచ్‌లో మనవాళ్లెవరో ఆ గడిలో రాయాలి.

చిక్కంతా ఆ గడితోనే. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషికి మనవాళ్లెవరు?

ఆయన వచ్చిన దారిలో వచ్చినవాళ్లు వేలల్లో ఉంటారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన లైను 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర మనుషులకు రాయపూర్ వైపు పని దొరికే దారి అదే. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంలో పట్టాలు తయారవుతాయి, యార్డులో బండ్లు తయారవుతాయి. రెండింటికీ మనుషులు కావాలి. అలా వచ్చినవాళ్లలో చాలామంది పండక్కి ఊరెళ్లి, పెళ్లికి ఊరెళ్లి, చివరికి ఇల్లు మాత్రం ఇక్కడే కట్టుకున్నారు.

మొదటి పుస్తకంలో గడి నిండా ‘ఎంపీ’ అని కనిపిస్తుంది. అప్పట్లో భిలాయి మధ్యప్రదేశ్‌లోది కదా. 2000 నవంబరు 1 తర్వాత సిరా మారదు, చేతిరాత మారదు, గడిలో మాట మాత్రం ‘ఛ.గఢ్’ అవుతుంది. ఇంకొన్ని చోట్ల ‘రైల్వే’. మన జాతీయ పోటీల్లో రైల్వేస్, సర్వీసెస్ కూడా రాష్ట్రాలతో సమానంగా ఆడతాయి. పటం మీద వెతికితే దొరకని రాష్ట్రాలవి. జీతమిచ్చే రైల్వేకు చప్పట్లు కొట్టకపోతే ఎలా? అందులోనూ రైల్వే మహిళల హాకీ జట్టు చాలా ఏళ్లు గెలుపు అలవాటున్న జట్టు. గెలిచేవాళ్లను మనవాళ్లనుకోవడంలో ఉన్న సుఖం అందరికీ తెలిసిందే.

కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే అవన్నీ ఒకే రకం. ఆంధ్రాకు, రైల్వేకు మ్యాచ్. ఆంధ్రాకు, మధ్యప్రదేశ్‌కు మ్యాచ్. స్కోరు ఉంటుంది, ‘మన’ ఉండదు. 2014 తర్వాత వచ్చిన తెలంగాణ వరుసల దగ్గర కూడా ఒకట్రెండు ఖాళీలున్నాయి. కారణం అడిగితే ఆయన జవాబు చెప్పరు. ‘టైమ్ దొరికుండదు’ అంటారు. స్కోరు రాయడానికి దొరికిన టైమ్, రెండక్షరాలు రాయడానికి దొరకలేదన్నమాట.

ఇలాంటి చిక్కు ఆయన ఒక్కడిదే అనుకోనక్కర్లేదు. ఆ తొలి హాకీ పోటీకి తర్వాతి కాలంలో ఏమైందో చూస్తే అర్థమవుతుంది. 1932 ఒలింపిక్స్‌కు ముందు మళ్లీ ప్రావిన్సుల మధ్య పోటీ పెట్టారు. ధ్యాన్‌చంద్‌ను ఆడించాలని హాకీ సమాఖ్య సైన్యాన్ని సెలవు అడిగితే ఆయన పటాలం ఒప్పుకోలేదు. పోటీలో ఆడకుండానే ఆయన ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు. మిగతావాళ్లంతా మైదానంలో నిరూపించుకోవాల్సి వచ్చింది. అప్పుడు నెగ్గింది పంజాబ్. విభజనకు ముందు విజేతలకు ఓ షీల్డు ఇచ్చేవారు. న్యూజిలాండ్‌లోని మావోరీలు బహూకరించింది. 1947లో చివరిసారి దాన్ని గెలుచుకున్నదీ పంజాబే. ఆ ఏడాదే పంజాబ్ రెండు ముక్కలైంది. షీల్డు అవతలి ముక్కతో పాటు పాకిస్థాన్‌లో ఉండిపోయింది. 1951లో ‘హిందూ’ పత్రిక సంపాదకుడు రంగస్వామి పేరిట కొత్త కప్పు పెట్టారు. ఆడినవాళ్లు కొందరు ఇటు, కొందరు అటు. పాత స్కోర్లు ఎవరి ఖాతాలో వేయాలి?

ఐర్లండ్‌లో దీనికి తలకిందులైన కథ ఒకటి ఉంది. అక్కడి జాతీయ ఆటల్లో ఒకటి హర్లింగ్. హాకీకి దూరపు బంధువు అనుకోవచ్చు, కానీ మెతకదనం లేని బంధువు. వెడల్పు చివర ఉన్న కర్రతో చిన్న తోలు బంతిని నేల మీదా కొడతారు, గాలిలోనూ కొడతారు. జట్టుకు 15 మంది. గోల్ వలలోకి కొడితే మూడు పాయింట్లు, పై కర్ర మీదుగా పోతే ఒకటి. అందుకే స్కోరు విచిత్రంగా రాస్తారు. 1927లో ఐర్లండ్‌లోని ప్రావిన్సుల మధ్య హర్లింగ్ పోటీ మొదలైంది. తొలి ఫైనల్లో లీన్‌స్టర్ 1-11, మన్‌స్టర్ 2-6. మన లెక్కలో రెండు గోల్స్ కొట్టిన మన్‌స్టర్ గెలిచినట్టు. వాళ్ల లెక్కలో 14-12తో లీన్‌స్టర్ విజేత.

ఆ పోటీ పేరు రైల్వే కప్. కప్పు ఇచ్చింది రైల్వే కంపెనీ మరి. భిలాయి-3 గార్డుగారి చెవిన ఈ సంగతి వేసింది మనవరాలు. ఫోన్‌లో ‘రైల్వే కప్’ అని వెతుకుతుంటే మన రైల్వే బదులు ఐర్లండ్ వచ్చింది. స్కోరు రాసే పద్ధతి ఆయనకు భలే నచ్చింది. నాలుగో పుస్తకం చివరి పేజీల్లో లీన్‌స్టర్, మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ తెలుగులో కొలువుదీరాయి. క్రిస్టీ రింగ్ అనే ఆటగాడు మన్‌స్టర్ తరఫున 18 రైల్వే కప్ పతకాలు గెలిచాడని పక్కన ఎర్ర సిరాతో రాసుకున్నారు. 1942 నుంచి 1963 దాకా. ఇరవై ఏళ్లు దాటి ఒకే ప్రావిన్సు. ఆ గడిలో ఏం రాయాలో రింగ్ ఒక్కసారి కూడా తడుముకుని ఉండడు.

అన్నిటికంటే ఆయన్ను ఆశ్చర్యపరిచింది అల్‌స్టర్. ఆ ప్రావిన్సులో తొమ్మిది కౌంటీలు. 1920లలో దేశం చీలినప్పుడు ఆరు బ్రిటన్ కింద ఉత్తర ఐర్లండ్‌లో ఉండిపోయాయి. మూడు స్వతంత్ర ఐర్లండ్‌లో కలిశాయి. మధ్యలో సరిహద్దు వచ్చింది. తర్వాతి రోజుల్లో సైనికుల చెక్‌పోస్టులు వచ్చాయి. అల్‌స్టర్ జట్టు మాత్రం ఒకటిగానే ఆడింది. పంజాబ్‌కు దక్కనిది అల్‌స్టర్‌కు దక్కింది. అయితే కప్పులు మాత్రం దక్కలేదు. హర్లింగ్‌లో అల్‌స్టర్‌కు రైల్వే కప్ ఒక్కసారి కూడా రాలేదు.

జట్టు చీలకుండా నిలబడినంత మాత్రాన పోటీ నిలబడుతుందని కూడా లేదు. సెయింట్ పాట్రిక్ పండుగ రోజున, మార్చి 17న, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో రైల్వే కప్ ఫైనళ్లు జరిగేవి. 1954లో ఆ ఆటలకు 49 వేల మంది వచ్చారు. 1970ల నుంచి క్లబ్బుల మధ్య పోటీ పెరిగింది, పండుగ రోజు వాళ్ల చేతికి పోయింది. రైల్వే కప్‌కు వచ్చే జనం వేల నుంచి వందలకు పడిపోయారు. 2003లో ఫైనల్‌ను ఏకంగా రోమ్‌లో పెట్టి చూశారు. లీన్‌స్టర్ గెలిచింది, పోటీ బతకలేదు. 2016 డిసెంబరులో థర్ల్స్‌లో మన్‌స్టర్ నెగ్గిన ఫైనల్ తర్వాత హర్లింగ్ రైల్వే కప్ ఆగిపోయింది. ఊరి క్లబ్బు తనదని, కౌంటీ తనదని ఐర్లండ్ మనిషికి గట్టిగా తెలుసు. ప్రావిన్సు అనేసరికి ఆ పట్టు సడలింది. జనం ఎందుకు రాలేదో ఇంతకంటే పెద్ద వివరణ అక్కర్లేదేమో. మన దగ్గర దులీప్ ట్రోఫీ మ్యాచులకు ఖాళీ గ్యాలరీలు చూసినవారికి ఇది కొత్త కాదు. ‘సౌత్ జోన్ జిందాబాద్’ అని అరిచిన మనిషిని ఎవరైనా చూశారా?

ఇక మనవరాలి సంగతి. కూతురి కూతురు. పద్నాలుగేళ్లు. హాకీలో రైట్ హాఫ్. తండ్రి కర్మాగారంలో ఓ కాంట్రాక్టరు దగ్గర పని చేస్తాడు. అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మైదానంలో హిందీ, తోటి పిల్లలతో ఛత్తీస్‌గఢీ. ఈ జిల్లా ఆడపిల్ల చేతికి హాకీ కర్ర ఇస్తే విడ్డూరంగా చూసే రోజులు పోయాయి. అందుకు కారణమైన మనిషి పక్క ఊరిదే. దుర్గ్‌కు చెందిన సబా అంజుమ్ 2002లో పదిహేడేళ్ల వయసులో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలకు వెళ్లింది. ఫైనల్లో భారత్ 3-2తో ఇంగ్లండ్‌ను ఓడించింది. తర్వాత ఆమె భారత జట్టుకు కెప్టెన్ అయింది. 2013లో అర్జున అవార్డు, 2015లో పద్మశ్రీ, పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చాయి. రాజ్‌నంద్‌గావ్ నుంచి రేణుకా యాదవ్ 2016లో రియో ఒలింపిక్స్ ఆడింది. ఇంకాస్త వెనక్కి వెళితే బిలాస్‌పూర్‌లో పుట్టిన లెస్లీ క్లాడియస్ ఉన్నాడు. నాలుగు ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, ఓ రజతం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఊళ్లలో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుర్రాడు. గార్డుగారి పుస్తకంలో క్లాడియస్ పేరు ఎక్కడొచ్చినా ‘మన’ గడి నిండే ఉంటుంది. ‘రైల్వే ఊరివాడు’ అని.

అమ్మాయి రాష్ట్ర సబ్ జూనియర్ జట్టు సెలక్షన్లకు వెళ్లాల్సిన ఏడాది విశాఖపట్నం నుంచి మేనమామ ఫోన్ చేశాడు. తన దగ్గరికి పంపమన్నాడు. అక్కడ బడిలో చేర్పిస్తే ఆంధ్రా జట్టుకు ఆడొచ్చు, ఛత్తీస్‌గఢ్‌లో ఆడపిల్లల హాకీకి పోటీ ఎక్కువ, ఆంధ్రాలో చోటు తొందరగా దొరుకుతుందని అతని లెక్క. అది తప్పుడు లెక్కేమీ కాదు. జాతీయ పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉంటే రేపు రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా దారి తెరుచుకుంటుంది. కాంట్రాక్టు కార్మికుడి కూతురికి అది చిన్న విషయం కాదు. పైగా చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని టోక్యో ఒలింపిక్స్ జట్టు దాకా వెళ్లింది. ఆంధ్రా నుంచి దారే లేదని ఎవరంటారు? కాకపోతే ఒక మెలిక ఉంది. ఆటగత్తె ఏదో ఒక రాష్ట్ర సంఘంలోనే నమోదై ఉండాలి. మారాలంటే పాత సంఘం అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి. ఇవాళ వెళ్లి రేపు తిరిగి రావడానికి ఇది చుట్టాలిల్లు కాదు.

ఇంట్లో వారం రోజులు ఇదే మాట. అమ్మమ్మ వద్దంది. ‘పరాయి ఊళ్లో పిల్లని ఎలా ఉంచుతాం’ అని ఆమె అభ్యంతరం. విశాఖపట్నాన్ని పరాయి ఊరనడం విని అల్లుడు నవ్వాడు. ఆమె బొబ్బిలి నుంచి కాపురానికి వచ్చి నలభై ఏళ్లయింది మరి. తల్లి పంపుదామంది. తండ్రి ఖర్చులు లెక్కేశాడు. గార్డుగారు ఏమీ అనలేదు. అనలేదు గానీ, ఆంధ్రా జట్టు చొక్కాలో మనవరాలిని చూడాలన్న ఆశ ఆయనకు ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. సొంతూరికి వెళ్లినప్పుడల్లా ‘ఏటి, మీ పిల్లలకి తెలుగొచ్చా?’ అని అడిగేవాళ్లకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

చివరికి అమ్మాయినే అడిగారు.

‘అక్కడికెళ్తే హిందీవాలీ అంటారు తాతయ్యా. ఇక్కడ మద్రాసీ అంటారు. ఎక్కడైనా ఏదో ఒకటి అంటారు కదా. ఇక్కడైతే లెఫ్ట్ హాఫ్ ఎటు పరిగెడుతుందో నాకు తెలుసు. చూడకుండా పాస్ ఇచ్చేస్తాను.’

‘మరి ఇక్కడ సెలెక్ట్ కాకపోతేనో?’

‘అప్పుడు వచ్చే ఏడాది.’

ఆమె మాటలో రాష్ట్రం ఊసు లేదు, భాష ఊసూ లేదు. ఉన్నది లెఫ్ట్ హాఫ్. పెద్దవాళ్లు ప్రావిన్సులు, జోన్లు, రాష్ట్రాలు అని గీతలు గీసి జట్లు కట్టారు. ఆడే పిల్లకు మాత్రం మనవాళ్లంటే చూడకుండా బంతి ఇవ్వగలిగిన పదిమంది. ఇది వినడానికి బాగానే ఉంటుంది గానీ, దీంతో సర్టిఫికెట్ రాదని మేనమామ అన్న మాట కూడా కొట్టిపారేయలేం. సర్టిఫికెట్ మీద ఉండేది రాష్ట్రం పేరే.

అమ్మాయి ఆ ఏడాది ఛత్తీస్‌గఢ్ జట్టుకు ఎంపిక కాలేదు. స్టాండ్‌బైలో పేరొచ్చింది. మేనమామ మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి కాస్త గట్టిగానే. తల్లి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. లోపం ఎక్కడుందో కోచ్ దాచకుండా చెప్పాడు. ఆట బాగుంది, కానీ మట్టి నేల ఆట. ఆస్ట్రోటర్ఫ్ మీద బంతి వేగం అందుకోలేకపోతోంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ పచ్చిక పరిచినప్పుడు భారత హాకీకి ఎదురైన కష్టమే, యాభై ఏళ్ల తర్వాత భిలాయి-3 పిల్లకు ఎదురైంది. మట్టి మీద బంతిని ఆపి, చూసి, ఆడొచ్చు. టర్ఫ్ మీద ఆపేలోపే మీద పడతారు.

టర్ఫ్ ఉన్నది ఇటు రాయపూర్‌లో, అటు రాజ్‌నంద్‌గావ్‌లో. రాయపూర్ స్టేడియంలో 2015లో హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్ జరిగింది. 5-5తో సమమైన మ్యాచ్‌లో నెదర్లాండ్స్‌ను షూటౌట్‌లో ఓడించి భారత్ కాంస్యం గెలిచిన సాయంత్రం గార్డుగారు అక్కడే ఉన్నారు. ఆ వరుసలో ‘మన’ గడికి ఇబ్బంది రాలేదు. అయినా రాయపూర్ వద్దనుకున్నారు, సిటీలో స్టేషన్ నుంచి స్టేడియానికి వెళ్లడమే ఓ ప్రయాణం. రాజ్‌నంద్‌గావ్ హాకీ ఊరు. మహంత్ రాజా సర్వేశ్వర్‌దాస్ పేరిట అఖిల భారత హాకీ పోటీలు దశాబ్దాలుగా జరుగుతున్న చోటు. అక్కడి కోచ్‌లు వారానికి ఒక్క రోజైనా రమ్మన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం తాతా మనవరాలూ తెల్లవారకముందే లేస్తున్నారు. భిలాయి-3 తర్వాత పవర్ హౌస్, భిలాయి నగర్, దుర్గ్. ఆ వేళకు నేరుగా వెళ్లే బండి లేకపోతే దుర్గ్‌లో దిగి మారాలి. మారే బండి ఎక్కువసార్లు ఆలస్యం. గూడ్సును ముందు వదిలి ప్యాసింజర్‌ను ఎందుకు ఆపారో ఆయన ప్లాట్‌ఫారం మీద కూర్చుని మనవరాలికి వివరిస్తారు. ఆ పిల్ల షిన్‌గార్డులు సర్దుకుంటూ ‘ఊ’ కొడుతుంది. వచ్చే సెలక్షన్లకు ఇంకా నాలుగు నెలలుంది.